గట్టు వంపు తిరిగిన చోట: ఐర్లాండ్ పల్లెల్లో వారం రోజులు

మొదటి రోజు: గ్లెండలాక్

మా మావయ్యగారు కృష్ణా డెల్టాలో నలభై ఏళ్లు వరి పండించిన రైతు. డబ్లిన్‌లో మా ఇంటికి వచ్చాక ఊళ్లో ఏ కట్టడం చూపించినా మర్యాదకు తలూపేవారే తప్ప, ఆయన మనసు మాత్రం రైలు కిటికీలోంచి కనిపించిన పొలాల దగ్గరే ఉండిపోయింది. "అల్లుడుగారూ, ఇక్కడ గట్లు తిన్నగా పోతూ పోతూ ఒక్కోచోట గుండ్రంగా తిరుగుతున్నాయేమిటి? అక్కడ వాగూ లేదు, చెరువూ లేదు. దేన్నో తప్పించుకుని పోయినట్టుంది" అని ఒకరోజు అడిగారు. తొలి మధ్యయుగంలో ఇక్కడి క్రైస్తవం గురించి నేను కొన్నేళ్లుగా చదువుతున్నాను. ఆయన ప్రశ్నకు జవాబు అందులోనే ఉందని తెలుసు. కానీ అది ఇంట్లో కూర్చుని చెప్పే జవాబు కాదనిపించి, వారం రోజులు సెలవు పెట్టి ఆయన్ని వెంటబెట్టుకుని బయలుదేరాను.

డబ్లిన్‌కు దక్షిణంగా విక్లో కొండల నడుమ ఉంది గ్లెండలాక్. ఐరిష్ భాషలో ఆ పేరుకు రెండు సరస్సుల లోయ అని అర్థం. ఆరో శతాబ్దంలో కెవిన్ అనే సన్యాసి ఏకాంతం కోరి ఇక్కడికి వచ్చాడు. పై సరస్సు మీదికి నిటారుగా లేచిన చరియలో మనిషి ముడుచుకుని పడుకోవడానికి మాత్రమే చాలే గుహ ఒకటుంది, దాన్ని నేటికీ కెవిన్ పడక అంటారు. అయితే ఏకాంతం ఎంతో కాలం నిలవలేదు. అతని పేరు విని చేరిన జనంతో లోయ అడుగున ఊరంత మఠం వెలిసింది. ఇప్పుడు యాత్రికులందరూ ఫొటో తీసుకునే గుండ్రటి గోపురం, సుమారు 30 మీటర్ల ఎత్తున, కెవిన్ పోయిన కొన్ని శతాబ్దాల తరువాత కట్టినది.

నేను మావయ్యగారిని ముందు గోపురం దగ్గరికి తీసుకువెళ్లలేదు. మఠంలోకి ప్రవేశించే రాతి ద్వారం దగ్గర ఆపాను. ఒకదాని వెనుక ఒకటిగా రెండు కమానులు దాటగానే కుడిచేతి వైపు గోడలో పెద్ద రాతిపలక మీద సన్నని సిలువ గీసి ఉంటుంది. దాన్ని దాటినవాణ్ని శత్రువైనా, అప్పులవాడైనా తాకకూడదు, ఎందుకంటే అక్కడినుంచి లోపలిది శరణు ఇచ్చే నేల. ఎనిమిదో శతాబ్ది తొలినాళ్లలో ఐరిష్ మతాచార్యులు కూర్చిన ధర్మసూత్రాలు పవిత్ర స్థలాన్ని మూడు వలయాలుగా చెబుతాయి. బయటిది పవిత్రం, దాని లోపలిది మరింత పవిత్రం, నట్టనడిమిది అతి పవిత్రం. వెలుపలి వలయంలోకి సాధారణ జనం రావచ్చు, లోపలికి పోయేకొద్దీ అర్హత కావాలి. మన గుడి ప్రాకారాలు ఎరిగిన మావయ్యగారికి ఇది వివరించి చెప్పవలసిన పని లేకపోయింది. ఆయన అడిగిందల్లా ఒక్కటే: "మరి ప్రాకారం గుండ్రంగా ఎందుకు?"

ఐర్లాండ్‌ను రోమన్లు ఎన్నడూ పాలించలేదు, కాబట్టి ఇక్కడ నగరాలు లేవు. గాల్‌లోనో (నేటి ఫ్రాన్స్ ప్రాంతం) ఇటలీలోనో బిషప్పు నగరంలో కూర్చుంటాడు, చుట్టూ పల్లెలు ఆ నగరానికి లోబడి ఉంటాయి. 431లో పోపు సెలస్టీన్ పంపిన బిషప్పు పల్లాడియస్‌కు గానీ, అదే శతాబ్దంలో పనిచేసిన పాట్రిక్‌కు గానీ కూర్చోవడానికి నగరమే దొరకలేదు. దొరికినవి గుండ్రటి మట్టికట్టల మధ్య ఇళ్లు కట్టుకున్న పశుపోషకుల కమతాలు. అలాంటి గుండ్రటి కోటిళ్లు దేశమంతటా దాదాపు 45,000 గుర్తించారు. చర్చి కూడా ఆ పల్లె రూపాన్నే తొడుక్కుంది. ఇంటి చుట్టూ ఉన్న కట్టే దేవుడి ఇంటి చుట్టూ ప్రాకారమైంది.

రెండో రోజు: క్లోన్‌మాక్‌నాయిస్

విక్లో కనుమ మీదుగా పడమటికి దిగాము. ఈ కొండలు దాటి కెవిన్ మఠానికి యాత్రికులు నడిచి వచ్చిన పాతబాట ఈ దారి పక్కనే సాగుతుంది. ఆఫలీ జిల్లాలోకి వచ్చాక ఒక చిన్న శ్మశానం దగ్గర మావయ్యగారు కారు ఆపమన్నారు. శిథిలమైన గోడ ఒకటి, ఐవీ తీగలు, ఒరిగిన సమాధిరాళ్లు, అంతే. అయితే రోడ్డు ఆ శ్మశానాన్ని ఒరుసుకుంటూ చాపంలా వంగింది. అవతలి పొలంలోకి వెళ్లి చూస్తే, రోడ్డు వదిలిన వంపును ముళ్లకంచె అందుకుని, మరికొంత దూరం అదే గుండ్రంలో నడిపించి, ఆ తరువాత తిన్నగా పోయింది. పాత మఠాల ప్రాకారాలు ఇలాగే మిగిలాయి. కట్ట కరిగిపోయినా, కందకం పూడిపోయినా, తరువాతి రైతులు ఆ గీతనే సరిహద్దుగా పట్టుకున్నారు. ఆకాశం నుంచి తీసిన ఫొటోలలో ఇటువంటి వలయాలు ఎన్నో బయటపడ్డాయి. అర్మా, కెల్స్ వంటి ఊళ్లలో ఈనాటి వీధులు సైతం మఠ ప్రాకారం వెంటే వంగి నడుస్తాయి. మావయ్యగారు కంచె వెంట ఆ చివరి దాకా నడిచి వచ్చి, "కట్ట పోయినా హద్దు పోలేదు" అని మాత్రం అన్నారు.

క్లోన్‌మాక్‌నాయిస్ షానన్ నది ఒడ్డున ఉంది. ఆరో శతాబ్ది నడుమ కియరాన్ అనే యువ సన్యాసి దీన్ని స్థాపించి, ఏడాది తిరగకుండానే కన్నుమూశాడు. ఇవాళ చూస్తే మారుమూల ప్రాంతమనిపిస్తుంది, కానీ ఆనాడు ఇది దేశానికి నట్టనడుమ. మంచుయుగంలో కరిగిన నీళ్లు మోసుకొచ్చిన గులకరాళ్ల దిబ్బ ఒకటి తూర్పు పడమరలుగా పాములా సాగుతుంది. దాన్ని ఎస్కర్ అంటారు. చుట్టూ అడుగు వేస్తే దిగబడే పీట్ బురదనేలల మధ్య, కాలు తడవకుండా నడవగలిగిన బాట ఇదొక్కటే. ఆ బాట నదిని కలిసే చోటే కియరాన్ మఠం వేశాడు. అంటే ఏకాంతం కోసం కాదు, దారుల కూడలి కోసం. తరువాత మఠం నది మీద ఓక్ కలపతో వంతెన కట్టించింది. ఆ దుంగలు నదిగర్భంలో దొరికాయి, చెట్టు వలయాలను లెక్కించి అది 804 ప్రాంతపు కట్టడమని తేల్చారు.

నదీతీరపు పచ్చికబయళ్లలో ఆవులు మేస్తున్నాయి. ఈ మఠాల అసలు ఆస్తి ఆ పశువులే. ఐరిష్‌లో మనఖ్ అనే మాట లాటిన్ మోనాకస్ నుంచి వచ్చింది, సన్యాసి అని అర్థం. అయితే ఏడు, ఎనిమిది శతాబ్దాల న్యాయగ్రంథాలలో అదే మాట భార్యాబిడ్డలతో మఠం భూమిని సాగుచేసుకునే గృహస్థ రైతుకూ వర్తిస్తుంది. అతడు చర్చికి దశమభాగం, ప్రథమఫలాలు, మందలో తొలిచూలు ఇవ్వాలి. చర్చి అతనికి బాప్తిస్మం, ప్రభుభోజనం, చనిపోయాక ప్రార్థన ఇవ్వాలి. న్యాయగ్రంథాలు దీన్ని ఇరువైపులా కట్టుబాటుగానే రాశాయి, పురోహితుడు తన పని చేయకపోతే అతని హక్కులూ పోతాయి. మఠమంటే కళ్లు మూసుకుని ధ్యానం చేసే పదిమంది అని ఊహించుకునేవారికి నేను ముందుగా చెప్పేది ఈ రైతుల సంగతే. డబ్లిన్‌లో మావయ్యగారు చూసిన కెల్స్ సువార్త గ్రంథంలో 340 తోలు ఆకులు మిగిలి ఉన్నాయి. దానికి సుమారు 185 దూడల చర్మాలు పట్టి ఉంటాయని ఒక అంచనా. అన్ని దూడల్ని వదులుకోగల మందలు, ఆ మందలకు మేత, ఆ మేతకు అడవి కొట్టి చదును చేసిన నేల, వీటన్నిటి మీదా నిలిచిందే ఆ బంగారు రంగుల పుట.

కియరాన్ సమాధి ఉన్న చిన్న ఆలయం నేల చుట్టుపక్కల కంటే పల్లంగా ఉంది. రైతులు తరతరాలుగా అక్కడి మట్టిని గుప్పెడు తీసుకుపోయి తమ పొలం నాలుగు మూలలా చల్లుకునేవారు, పైరుకూ పశువుకూ చీడపీడ రాకుండా. షానన్‌బ్రిడ్జ్ వెళ్లే దారి పక్కన కియరాన్ పేరు మీద ఊటబావి ఉంది. దాని దగ్గరి ముళ్లచెట్టుకు రంగురంగుల గుడ్డపేలికలు కట్టి ఉన్నాయి. మావయ్యగారు దగ్గరికి వెళ్లి ఒక నీలిగుడ్డ ముడి పట్టుకుని చూశారు. ఎండకు వెలిసి, వానకు తడిసి, నూలు పోగులుగా విడిపోతోంది. "ముడుపే" అన్నారు. ఐర్లాండ్‌లో ఇటువంటి పవిత్ర ఊటలు సుమారు 3,000 ఉన్నాయని చెబుతారు.

మూడో రోజు: దారిలో పేర్లు

రోజంతా ప్రయాణమే. లిమరిక్, ట్రాలీల మీదుగా డింగిల్ చేరేసరికి సాయంత్రమైంది. దారి పొడుగునా బోర్డుల మీది ఊరిపేర్లు చదివి చెప్పడమే నా పని. కిల్ అని మొదలయ్యే పేర్లలో ఎక్కువ భాగం కిల్ల్ అనే ఐరిష్ మాట నుంచి, అది లాటిన్ చెల్లా నుంచి, అంటే సన్యాసి గది, చర్చి. కిల్డేర్ అంటే ఓక్ చెట్టు చర్చి, కిల్కెన్నీ అంటే కెన్నిక్ చర్చి. అయితే అడవిని చెప్పే కొయిల్ అనే మాట కూడా ఇంగ్లిష్ స్పెల్లింగులో కిల్ అయిపోయింది కాబట్టి, ప్రతి కిల్ దగ్గరా చర్చిని వెతికితే మోసపోతాం. డొనహ్‌మోర్ వంటి పేర్లలోని డొనహ్ లాటిన్ డొమినికుమ్, ప్రభువు ఇల్లు. చర్చికి పేరుగా ఇది అన్నిటికంటే పాత పొరకు చెందినదని పండితులు భావిస్తారు. డైసర్ట్ అనేది ఈజిప్టు సన్యాసుల ఎడారి. ఎడారి అన్న మాటకే చోటులేని ఈ తడినేల మీద ఏకాంతవాసానికి ఆ పేరు పెట్టుకున్నారు. టెర్మన్ అంటే లాటిన్ టెర్మినుస్, హద్దు. చర్చి శరణు చెల్లే భూమి.

"మన దగ్గర దేవుడి మాన్యం లాంటిదా?" అని అడిగారు మావయ్యగారు. కొంతవరకు అలాంటిదే, కానీ టెర్మన్‌లో ముఖ్యమైనది పంట కంటే రక్షణ. ఆ హద్దురాళ్ల లోపల రాజు సైన్యం కూడా చెయ్యి వెయ్యకూడదు.

నాలుగో రోజు: రీస్క్, గాలరస్, కిల్మల్‌కెడార్

ఈ యాత్రలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన రోజు ఇది. డింగిల్ ద్వీపకల్పం పడమటి కొసన ఐరిష్ ఇంకా ఇంటి భాష. బోర్డులు కూడా ఆ భాషలోనే ఉంటాయి. కొండ మీది నుంచి సముద్రం దాకా రాతిగోడల పొలాలు గళ్లదుప్పటిలా పరుచుకుని ఉన్నాయి.

రీస్క్‌లో మేమిద్దరమే ఉన్నాం. మోకాలెత్తు రాతిగోడలు గడ్డిలో గుండ్రంగా తిరిగి, ఆ గుండ్రాన్ని అడ్డంగా మరో గోడ రెండుగా చీల్చింది. 1970లలో థామస్ ఫానింగ్ ఇక్కడ తవ్వకాలు జరిపాడు. అడ్డగోడకు ఒకవైపు చిన్న ప్రార్థనాలయం, రాతిపలకలు పరిచిన సమాధులు ఉన్నాయి. రెండోవైపు తేనెపట్టులా రాళ్లు పేర్చిన గుడిసెలు, పనిచోట్లు. పూజ ఇటు, బతుకు అటు, రెండూ ఒకే ప్రాకారంలో. మధ్యధరా తీరాల నుంచి వచ్చిన కూజాల పెంకులు కూడా ఇక్కడ దొరికాయి. ఈ గాలికొస నుంచి పడవలు ఎంత దూరంతో సంబంధం పెట్టుకున్నాయో అవి చెబుతాయి.

ప్రాకారం లోపల మనిషెత్తున ఒక రాతిస్తంభం నిలిచి ఉంది. దాని దగ్గర అరగంట కూర్చున్నాం. పైభాగాన వృత్తంలో సిలువ. దాని చేతులు గీతలు కావు, నాలుగు చాపాల మధ్య మిగిలిన ఖాళీయే సిలువ. దాని కిందనుంచి సన్నని కాడ దిగి, అటూ ఇటూ చుట్టలు చుట్టుకుంటూ తీగలా జారుతుంది. ఆ చుట్టలు క్రైస్తవానికి పూర్వం నుంచి ఈ నేల మీద గీస్తున్నవే. పక్కన మూడు లాటిన్ అక్షరాలు ఉన్నాయి, డి, ఎన్, ఇ అని. దొమినే, అంటే "ప్రభువా" అన్న పిలుపుకు కుదింపు. వేలు పెట్టి తడిమితే గాడి ఇంకా తెలుస్తుంది, అందులో లేత ఆకుపచ్చ నాచు పట్టింది.

క్రైస్తవం ఈ పల్లెల్లో తెచ్చిన మార్పులన్నిటిలో లోతైనది, నా దృష్టిలో, చనిపోయినవారి చోటు మార్చడం. అంతకు ముందు ఒక వంశంవారు తమ పెద్దల్ని పొలిమేరల్లో, పాత దిబ్బల పక్కన పాతిపెట్టేవారు. రాతి అంచున గాట్లు పెట్టి రాసే ఓగమ్ లిపిలో "ఫలానావాడి కొడుకు ఫలానావాడు" అని చెక్కి రాయి నిలబెట్టేవారు. ఐర్లాండ్‌లో అటువంటివి సుమారు 400 ఇప్పటికి దొరికాయి. పొలిమేరలో ఉన్న ఆ పెద్దలే భూమి హక్కుకు సాక్షులు, కావలివారు. ఏడు, ఎనిమిది శతాబ్దాలలో చర్చి పదేపదే పట్టుబట్టి, శవాలను పునీతుల సమాధుల చెంతకు, ప్రాకారం లోపలికి తెప్పించింది. పొలిమేరలో కాపలా కాసిన పెద్దలు ఊరి నడుమ ప్రార్థన కింద పడుకున్నారు. వంశంతో ఉన్న ముడి కొంత వదులై, చర్చితో ముడి బిగిసింది. దున్నినా, అడవి నరికినా రానంత మార్పు ఇది. కంటికి కనిపించేది గుండ్రటి శ్మశానం ఒక్కటే.

రీస్క్‌కు మరో కాలం కూడా ఉంది. మఠం పాడుబడిన తరువాత, బాప్తిస్మం అందకుండానే పోయిన పసిపిల్లల్ని ఈ ప్రాకారంలో పాతిపెట్టేవారు. చర్చి శ్మశానంలో వారికి చోటు ఇచ్చేవారు కాదు. ఇటువంటి చోట్లను ఇక్కడ కల్లూనఖ్ అంటారు. ఐర్లాండ్ అంతటా ఈ ఆచారం ఇరవయ్యో శతాబ్దం దాకా సాగింది. పవిత్ర నేల నుంచి తోసేసిన బిడ్డలకు తల్లిదండ్రులు అంతకంటే పాత పవిత్ర నేలను వెతికి ఇచ్చారు. పేర్లు లేవు, చేతిలో పట్టే రాళ్లు గుర్తుగా ఉంటాయి. ఆ మాట చెప్పగానే మావయ్యగారు గోడ బయటికి వెళ్లి, బూట్లు విప్పి, చలిగాలిలో వట్టి కాళ్లతో మళ్లీ లోపలికి వచ్చి నిలబడ్డారు. చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

గాలరస్ ప్రార్థనాలయం అక్కడికి దగ్గరే. బోర్లించిన పడవలా ఉంటుంది. గోడలూ కప్పూ వేరుగా లేవు, రాయి మీద రాయి కొంచెం కొంచెం లోపలికి జరుపుతూ పైన కలిపారు. ప్రతి రాయినీ బయటివైపు కాస్త వాల్చారు కాబట్టి వాన లోపలికి దిగదు. దాని కాలం గురించి ఏడో శతాబ్దం నుంచి పన్నెండో శతాబ్దం దాకా వాదాలు ఉన్నాయి. పొలం గోడ కట్టే చేతులే దేవుడి ఇల్లూ కట్టాయనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. బయట గోడను, ఆలయం గోడను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఓపికలోనే ఉంది.

కిల్మల్‌కెడార్‌లో పన్నెండో శతాబ్దపు చర్చి ఉంది, కానీ దాని ఆవరణ అంతకంటే పాతది. పైన రంధ్రమున్న ఓగమ్ రాయి ఒకటి సమాధుల మధ్య నిలిచి ఉంది. బ్రోకన్ కొడుకు మైల్ ఇన్‌బిర్ పేరు దాని అంచున గాట్లుగా ఉంది. ఇరువైపులా నిలబడి ఆ రంధ్రంలో వేళ్లు తాకించుకుంటే మాట ఖాయమైనట్టని ఇక్కడివారి నమ్మకం. పక్కనే పొద్దు గడియారపు రాయి, లోపల లాటిన్ అక్షరమాల చెక్కిన రాయి. పొలంలో పనిచేసేవారికి రోజును ప్రార్థన వేళలుగా కోసి ఇచ్చింది మొదటిది, వారి పిల్లల్లో కొందరికి అక్షరం దిద్దించింది రెండోది.

అయిదో రోజు: స్కెల్లిగ్ దూరం నుంచి

తెల్లవారుజామునే బయలుదేరి పోర్ట్‌మాగీ రేవుకు వెళ్లాం. స్కెల్లిగ్ మైకేల్ దీవికి పడవ ముందుగానే మాట్లాడుకున్నాం, కానీ అల ఎక్కువగా ఉండి ఆ రోజు పడవలేవీ కదలలేదు. తీరం నుంచి చూస్తే సముద్రంలో నిలబెట్టిన గొడ్డలి అంచులా కనిపించింది. అక్కడ ఆరు వందలకు పైగా రాతిమెట్లు ఎక్కితే, కొండకొమ్ము కింద ఆరు తేనెపట్టు గుడిసెలు, రెండు చిన్న ప్రార్థనాలయాలు ఉన్నాయి. 1996లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అక్కడి సన్యాసులు బోడి రాతికొండ మీద అరుగులు కట్టి, మట్టి నింపి, కూరలు పండించారు. ఐరిష్ క్రైస్తవమంటే లోకమంతా ఈ దీవి బొమ్మనే తలుచుకుంటుంది. ఆ తపస్సుకు నేనూ చేతులెత్తి నమస్కరిస్తాను, కానీ ఈ దేశపు నేలను మార్చింది దీవి మీది కొద్దిమంది కాదు, ఆవుల్ని మేపుకుంటూ మఠానికి తొలిచూలు ఇచ్చుకున్న లక్షల చేతులు.

ఏడో రోజు: నెండ్రమ్

ఆరో రోజంతా డబ్లిన్‌కు తిరుగు ప్రయాణం. ఏడో రోజు ఉదయం ఉత్తరానికి, ఉత్తర ఐర్లాండ్‌లోని డౌన్ జిల్లాకు బయలుదేరాం. స్ట్రాంగ్‌ఫర్డ్ అఖాతంలో మహీ దీవి మీద ఉంది నెండ్రమ్ మఠం. దీవిలోకి సన్నని కట్టదారి వెళుతుంది. గుట్ట మీద ఒకదానిలో ఒకటి మూడు రాతి ప్రాకారాలు, మొదలు మాత్రమే మిగిలిన గుండ్రటి గోపురం. గ్లెండలాక్ ద్వారం దగ్గర మాటల్లో చెప్పిన మూడు వలయాలు ఇక్కడ నేల మీద కనిపిస్తాయి.

నేను ఆయన్ని ఇక్కడికి తెచ్చింది ప్రాకారాల కోసం కాదు. దీవి ఒడ్డున, పోటు నీరు వచ్చిపోయే బురదలో, 1999 నుంచి సాగిన పరిశోధనలో నీటి తిరగలి ఒకటి బయటపడింది. దాని కలపను పరీక్షిస్తే 619 ప్రాంతపుదని తేలింది. ఇప్పటిదాకా తవ్వకాల్లో దొరికిన పోటు తిరగళ్లలో ఇంతకంటే పాతది లేదు. ఎనిమిదో శతాబ్ది చివర అక్కడే మరో తిరగలి కట్టారు. పని తీరు ఇది: ఒడ్డున ఒక మూలను గట్టు వేసి మూసి చెరువు చేస్తారు. పోటు వచ్చినప్పుడు సముద్రం తూములోంచి చెరువులోకి నిండుతుంది. నిండగానే తూము మూస్తారు. ఆటుకు సముద్రం వెనక్కి పోయాక, చెరువు నీటిని సన్నని దోనె గుండా వదిలితే, ఆ ధార నేలకు సమాంతరంగా పడుకున్న చక్రపు రెక్కల్ని కొడుతుంది. చక్రం ఇరుసే నిటారుగా పైకి పోయి తిరగలి పై రాయిని తిప్పుతుంది. పళ్లచక్రాలు అక్కరలేదు. రోజుకు రెండు ఆటులు కాబట్టి రెండుసార్లు విసరవచ్చు.

అంతకు ముందు ధాన్యం విసరడమంతా చేతి తిరగలితోనే, ఆడవాళ్ల పని, చాలాచోట్ల బానిస స్త్రీల పని. ఐరిష్ న్యాయగ్రంథాలలో కుమల్ అంటే బానిస స్త్రీ. అదే మాట విలువకు కొలత, భూమికి కూడా కొలత. తెల్లవారుజామున తిరగలి ముందు కూర్చుని పాడుకున్న మా అమ్మమ్మ తరం గుర్తొస్తే, ఆ బురదలోని చక్రం నాకు గోపురాల కంటే గొప్పగా కనిపిస్తుంది.

మావయ్యగారు ఒడ్డున నిలబడి పాత గట్టు ఆనవాళ్లను కళ్లతో కొలిచారు. ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం, నీరు ఎటు వాలుతుంది అని తనలో తనే అనుకుంటూ, రాళ్ల మీద జాగ్రత్తగా అడుగులు వేస్తూ ఒకచోట ఆగారు.

"తూము ఇక్కడే ఉండాలి, అల్లుడుగారూ. ఇంకెక్కడ పెట్టినా చెరువు సగం కూడా నిండదు."

అప్పటికి పోటు మొదలైంది. బురద మీద సన్నని నీటిపాయలు ఒకదానితో ఒకటి కలుస్తూ గట్టు రాళ్ల వైపు వస్తున్నాయి. అవి ఆయన చూపించిన చోటికి చేరేదాకా అక్కడే నిలబడ్డాం.